మూడు సిలిండర్లలో మొరాయించింది ఏది?

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న పాత మారుతి 800లో ఇంజిన్ నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతూ ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజిన్ తనంతట తాను తిరిగే ఈ స్థితిని ఐడ్లింగ్ అంటారు. ఇది ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి ఒక్కో సిలిండర్‌లో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది. అంటే నిమిషానికి 450 సార్లు. మూడు సిలిండర్లకూ కలిపి 1,350. సెకనుకు లెక్కేస్తే ఇరవై రెండున్నర. ఇంత వేగంగా పడే దెబ్బల్ని మన ఒళ్లు విడదీసి పట్టుకోలేదు. అందుకే బాగున్న బండిలో మనకు తెలిసేది సన్నటి గుర్రుమన్న చప్పుడు ఒక్కటే.

ఇప్పుడు ఒక సిలిండర్ మండడం మానేసిందనుకోండి. సెకనుకు ఏడున్నర దెబ్బలు తప్పిపోతాయి. ఇది చేతికీ నడుముకీ స్పష్టంగా తగిలే వేగం. స్టీరింగ్ అదురుతుంది, గేర్ రాడ్ ఊగుతుంది, డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు తల ఆడిస్తాడు. ‘బండి మిస్సింగ్ కొడుతోంది’ అని మెకానిక్కులు అనేది దీన్నే. నాలుగు సిలిండర్ల కారులో ఒకటి పడుకుంటే పోయేది పావు వంతు బలం. మూడు సిలిండర్ల 800లోనో, ఓమ్నిలోనో, పాత ఆల్టోలోనో ఏకంగా మూడో వంతు పోతుంది. ఆ బళ్లు అంతగా వణకడానికి కారణం అదే.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. మొదట్లో వచ్చిన బళ్లకు కార్బురేటర్ ఉండేది. గాలి లోపలికి పోతూ పోతూ సన్నటి రంధ్రాల్లోంచి పెట్రోలును పీల్చుకునే ఏర్పాటు అది. 2000 ప్రాంతం నుంచి ఎంపీఎఫ్ఐ వచ్చింది. ఇందులో కంప్యూటర్ లెక్క చూసి ఒక్కో సిలిండర్‌కు విడిగా పెట్రోలు చిమ్ముతుంది. ఇక్కడి లెక్కలు 796 సీసీ బండివే అయినా వెతికే వరస ఏ పాత పెట్రోలు బండికైనా పనికొస్తుంది. ఆ వరస ఇది: ముందు ఏ సిలిండరో తేల్చుకోవాలి, తర్వాత ఎందుకో చూడాలి, ఆ తర్వాతే పర్సు తీయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ప్లగ్గులు మార్చి, వైర్లు మార్చి, కాయిల్ మార్చి, చివరికి ‘ఇంజిన్ పోయింది’ అనుకుంటారు.

అసలు ఇది మిస్సింగేనా అన్నది మొదటి సందేహం. ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మల్ని మౌంటింగులు అంటారు. అవి గట్టిపడినా చిరిగినా, ఇంజిన్ శుభ్రంగా మండుతున్నా ఆ అదురు మొత్తం కారు బాడీలోకి వస్తుంది. తేడా తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. బండిని ఆరుబయట ఆపి ఐడ్లింగ్‌లో ఉంచి, సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచేయి పెట్టండి. పొగ ఒకే తీరున తోస్తుంటే మిస్సింగ్ లేనట్టే, మౌంటింగులు చూపించండి. తోపు మధ్యలో తెగుతూ, ‘ఫట్... ఫట్’మని ఖాళీలు తగులుతుంటే సిలిండర్ ఏదో తప్పిపోతోంది. మూసిన షెడ్డులో మాత్రం ఈ పని వద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

సిలిండర్‌ను పట్టుకోవడానికి కావలసిందల్లా ఒక పాత ప్లగ్గు. కార్బురేటర్ బండిలో ఇంజిన్ ఆపేసి ఒకటో సిలిండర్ ప్లగ్ క్యాప్ లాగండి. టైమింగ్ బెల్టు వైపున్నదే ఒకటో నంబరు. ఆ క్యాప్‌లో పాత ప్లగ్గు గుచ్చి, దాని మర భాగం ఇంజిన్ లోహానికి బాగా ఆనేలా కట్టండి. అలా ఆనించకపోతే ప్లగ్గులకు అధిక వోల్టేజీ పుట్టించే కాయిల్ మీద భారం పడుతుంది. ఇప్పుడు స్టార్ట్ చేసి నాలుగైదు సెకన్లు వినండి. వణుకు ఇంకా పెరిగినా, ఇంజిన్ ఆగిపోయినా మంచి కబురే: ఆ సిలిండర్ అప్పటిదాకా పనిచేస్తున్నట్టు. ఆపి, క్యాప్ తిరిగి పెట్టి, రెండోది, మూడోది ఇలాగే చూడండి. ఏది తీసినా తీయకపోయినా ఇంజిన్ చప్పుడులో మార్పే లేదో, దొంగ అక్కడున్నాడు.

‘ఇంజిన్ తిరుగుతుండగానే లాగితే త్వరగా తేలిపోతుంది కదా?’ అనొచ్చు. మెకానిక్కులు అలాగే లాగుతారు, నిజమే. కానీ ఆ వైరులో 15 నుంచి 20 వేల వోల్టుల దాకా ఉంటాయి. ఇంట్లో ప్లగ్ పాయింటులో ఉండేది 230. దానికి అరవై ఐదు నుంచి ఎనభై ఏడు రెట్ల దాకా అన్నమాట. కరెంటు తక్కువ కాబట్టి సాధారణంగా ప్రాణం పోదు గానీ, ఉలిక్కిపడిన చెయ్యి తిరుగుతున్న ఫ్యాన్‌లో పడొచ్చు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పని దరిదాపులకు రాకూడదు. ఎంపీఎఫ్ఐ బండిలోనైతే ప్లగ్ వైరు జోలికి పోకుండా ఒక్కో ఇంజెక్టర్‌కు వెళ్లే చిన్న ప్లాస్టిక్ కనెక్టర్‌ను తీసి చూడడం మేలు. పెట్రోలు ఆగితే మంట ఆగుతుంది, ఫలితం అదే.

సిలిండర్ దొరికింది. ఇక ఎందుకో చూద్దాం. ఆ సిలిండర్ ప్లగ్గును పక్క సిలిండర్‌లో వేసి, పక్కదాన్ని ఇందులో వేయండి. మిస్సింగ్ కూడా పక్కకు పోతే తప్పు ప్లగ్గుదే. అక్కడే ఉండిపోతే ప్లగ్గు నిర్దోషి. తర్వాత ప్లగ్ వైర్లనూ ఇలాగే మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే వణుకు పోయినా ఏది మార్చినందుకు పోయిందో తెలియదు.

ప్లగ్గు బయటికి తీసినప్పుడు దాని మొన చూడకుండా పెట్టెలో పడేయకండి. లేత గోధుమ రంగో బూడిద రంగో ఉంటే అక్కడ మంట సవ్యంగా ఉన్నట్టు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ: మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరో, ఇరుక్కున్న చోకో కారణం. తెల్లగా సున్నం పూసినట్టుంటే దీనికి తిరగేసి, గాలి ఎక్కువైంది. జిడ్డుగా నూనె తడి ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకి వస్తోంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది, నిప్పు రాలేదు. మూడు ప్లగ్గుల్నీ వరసగా పాత న్యూస్‌పేపర్ మీద పెట్టి, కింద 1, 2, 3 అని రాసి పోల్చి చూడండి. రెండు గోధుమ రంగులో ఉండి ఒకటి తేడాగా కనిపించడమే అసలు సాక్ష్యం.

నిప్పురవ్వ దూకే ఖాళీని గ్యాప్ అంటారు. కార్బురేటర్ 800కు ఇది 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి ఫీలర్ గేజ్ అనే సన్నటి రేకుల కట్ట దొరుకుతుంది. అది లేకపోతే పర్సులో ఏటీఎం కార్డు ఎలాగూ ఉంటుంది. ప్రపంచమంతా ఒకే కొలతతో తయారయ్యే ఆ కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. పనికిరాని పాత కార్డు మూల ఆ సందులో కొద్దిగా పట్టుతో జారితే గ్యాప్ సరిపోయినట్టే. వదులుగా ఆడుతుంటే మొన అరిగింది. మామూలు ప్లగ్గులు 20 వేల కిలోమీటర్లకు మార్చుకోవడం మంచిది. మూడింటికీ కలిపి సాధారణంగా ఐదొందలు దాటదు.

వానాకాలంలోనే వస్తుందా, ఎండ కాయగానే పోతుందా? అయితే ప్లగ్ వైర్లనీ డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌నీ అనుమానించండి. కాయిల్ నుంచి వచ్చే కరెంటును మూడు ప్లగ్గులకు వంతులవారీగా పంచే నల్ల మూతే ఈ క్యాప్. దానిలో వెంట్రుకంత చీలిక ఉన్నా, చెమ్మ చేరగానే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా దగ్గరి దారిలో ఇంజిన్ లోహంలోకి దిగిపోతుంది. అమావాస్య లాంటి చీకట్లో బానెట్ ఎత్తి, లైట్లన్నీ ఆపి, ఐడ్లింగ్‌లో చూడండి. చీలిన వైరు వెంట నీలం రంగు మిణుకులు చిటపటలాడుతూ కనిపిస్తాయి. మొదటి తరం బళ్లలో ఈ క్యాప్ కింద, కాయిల్ కరెంటును తెంపుతూ కలుపుతూ ఉండే పాయింట్లు ఉంటాయి. అవి మాడి గుంటలు పడితే మూడు సిలిండర్లూ ఒకదాని తర్వాత ఒకటి తప్పిపోతాయి గానీ ఒక్కదానికే అంటుకుని ఉండవు.

ఇక ఎక్కువమందిని తికమక పెట్టేది ఇది: ‘ఆగితే వణుకుతుంది, హైవే ఎక్కితే హాయిగా పోతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి బాగానే ఉంది.’ దీని వెనక చిన్న లెక్క ఉంది. ఇంజిన్ 900 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్లు నిమిషానికి సుమారు 360 లీటర్ల చోటు ఖాళీ చేస్తాయి. కానీ యాక్సిలరేటర్ మూసి ఉంటుంది కాబట్టి అందులో మూడో వంతే, అంటే 120 లీటర్ల గాలి నిజంగా లోపలికి పోతుంది. ఇప్పుడు ఇన్‌టేక్ దగ్గర ఒక రబ్బరు పైపు చీలి, నిమిషానికి 12 లీటర్ల దొంగగాలి పీలుస్తోందనుకోండి. సెకనుకు ఒక గ్లాసెడు. ఐడ్లింగ్‌లో అది పదో వంతు. ఆ గాలికి తగ్గ పెట్రోలు రాదు, మిశ్రమం పలచబడి మంట తప్పుతుంది. అదే బండి రోడ్డు మీద 3,000 చుట్ల దగ్గర సుమారు 600 లీటర్ల గాలి పీలుస్తుంటే ఈ 12 లీటర్లు రెండు శాతమే. ఇంజిన్ దాన్ని పట్టించుకోదు. పైగా యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ లోపలి పీల్పు తగ్గి, ఆ చీలిక నుంచి వచ్చేది కూడా తగ్గిపోతుంది. అందుకే హైవే మీద బండి బుద్ధిమంతురాలు.

ఈ దొంగగాలి ఎక్కడిదో పట్టుకోవాలంటే ముందు చెవి ఒగ్గండి. సన్నగా ‘స్‌స్‌’ మని వినిపిస్తుంది. బ్రేకు బూస్టర్ ఉన్న బండిలో దానికి పోయే పైపు, కార్బురేటర్ కింది గ్యాస్కెట్, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న గొట్టం, ఇవీ చీలే చోట్లు. ఇరవై ఏళ్ల రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది. వేలితో వంచితే పగుళ్లు నోరు తెరుస్తాయి. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాతో అనుమానమున్న చోట కొద్దిగా నీళ్లు చల్లి చూడండి. తడి పడగానే ఇంజిన్ చప్పుడు మారితే చీలిక అక్కడే. డిస్ట్రిబ్యూటర్ వైపు మాత్రం నీళ్లు పోనివ్వకండి. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజిన్ మీద పెట్రోలు చల్లే ధైర్యం ఎవరికీ అవసరం లేదు.

దీనికి తిరగేసి, ఐడ్లింగ్ బాగుండి ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో ఎగిరి ఎగిరి పడుతుంటే పెట్రోలు చాలడం లేదు. ఫిల్టర్, పంపు, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలైన జెట్లు చూడాలి. మే నెల మధ్యాహ్నం రామగుండం ఎండలోనో విజయవాడ ట్రాఫిక్‌లోనో మాత్రమే ఇలా అయితే, బానెట్ కింద వేడికి పైపులో పెట్రోలు ఆవిరై పంపుకు అందడం లేదని అర్థం. కాసేపు నీడలో ఆపితే తనే సర్దుకుంటుంది.

‘ఇదంతా ఈ20 పెట్రోలు వల్లే’ అనే మాట ఇప్పుడు ప్రతి గ్యారేజీలో వినిపిస్తోంది. అందులో కొంత నిజముంది, కొంత లేదు. ఈ20 అంటే లీటరులో 200 మిల్లీలీటర్ల ఇథనాల్. ఒక కిలో శుద్ధ పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. ఈ20కి లెక్క కడితే 13.5 కిలోలు వస్తుంది. కార్బురేటర్ జెట్టుకు ఈ సంగతి తెలియదు, పాత కొలతతోనే పోస్తుంది. దాంతో గాలి ఏడెనిమిది శాతం ఎక్కువైనట్టవుతుంది. ఎంపీఎఫ్ఐ కంప్యూటర్ దీన్ని చాలావరకు సర్దుకుంటుంది. మైలేజీ విషయానికొస్తే, పాత పెట్రోలుకు తయారై ఈ10కి సర్దిన నాలుగు చక్రాల బళ్లలో ఆరేడు శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. లీటరుకు 18 ఇచ్చే బండి 17 దగ్గర ఆగుతుంది.

కానీ గమనించండి: పెట్రోలు మారితే మూడు సిలిండర్లకూ ఒకేలా మారుతుంది. ఒక్క సిలిండరే మొరాయిస్తుంటే ఆ నేరం ఇథనాల్ మీద మోపలేం. అది చేయగలిగింది వేరే. అప్పటికే పైపు చీలి పలచబడ్డ మిశ్రమాన్ని ఇంకాస్త పలచబరుస్తుంది, ఇథనాల్‌ను తట్టుకునేలా చేయని పాత రబ్బరును మెత్తబరుస్తుంది, గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. కాబట్టి నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు నిండా పెట్రోలు ఉంచకండి. పెట్రోలు పైపులు ఆ బండితో పుట్టినవే అయితే ఈ ఏడాదే మార్పించండి. వణుకు మాట అటుంచి, కారే పైపు నిప్పుకు ఆహ్వానం.

మీ దగ్గర ఇప్పటికే ఒక పరీక్ష రిపోర్టు ఉంది. పెట్రోలు బంకు పక్కన ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్. చాలామంది దాన్ని పోలీసులకు చూపించే కాగితమనే అనుకుంటారు. అందులో రెండు అంకెలుంటాయి. సీఓ అంటే సగం మండిన పెట్రోలు, హెచ్‌సీ అంటే అసలు మండకుండా బయటికి పోయిన పెట్రోలు. భారత్ స్టేజ్-2 కాలుష్య ప్రమాణాల కంటే ముందు కార్లకు సీఓ పరిమితి 3 శాతం, హెచ్‌సీ 1,500 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 1,500 పాళ్లు. లీటరు పొగలో ఒకటిన్నర మిల్లీలీటరు. స్టేజ్-2, 3 బళ్లకు 0.5 శాతం, 750. హెచ్‌సీ చుక్కలనంటి సీఓ మామూలుగా ఉంటే ఏదో సిలిండర్‌లో నిప్పు పడడం లేదు. రెండూ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. హెచ్‌సీ ఎక్కువై సీఓ సున్నా దరిదాపుల్లో ఉంటే దొంగగాలి. గొట్టం సైలెన్సర్‌లో నిజంగా పెట్టి తీసిన అంకెలైతేనే సుమా. నంబరు ప్లేటు ఫొటో తీసి చేతిలో పెట్టిన కాగితంతో రోగం తేలదు.

‘నా బండిలో ఇంజిన్ లైటు ఉంది, స్కానర్ పెడితే చాలదా?’ మన దేశంలో కార్లకు తప్పులు నమోదు చేసే ఓబీడీ ఏర్పాటు 2010 నుంచి దశలవారీగా తప్పనిసరైంది. 2013 ఏప్రిల్ తర్వాతి బండి అయితే బజారులో దొరికే చిన్న స్కానర్ కూడా పీ0301, పీ0302, పీ0303 అని చూపిస్తుంది. చివరి అంకే సిలిండర్ నంబరు. అంతకంటే పాతదైతే నమ్మకం లేదు, పాత ప్లగ్గు పరీక్షే గతి. స్కానర్ కూడా ఏ సిలిండరో చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు.

ప్లగ్గు, వైరు, గాలి, పెట్రోలు అన్నీ చూశాక కూడా అదే సిలిండర్ మొరాయిస్తుంటే అప్పుడు లోపలికి చూడాలి. ఇక్కడే ‘బోరింగ్ చేయాలి సార్’ అనే మాట వస్తుంది. బోరింగ్ అంటే అరిగిన సిలిండర్ గోడను కోసి కొత్త కొలతకు తేవడం. పాతిక వేలు దాటే పని. ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకునే ముందు కంప్రెషన్ పరీక్ష అడగండి.

ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 300 మిల్లీలీటర్ల గాలిని 35 మిల్లీలీటర్ల చోటులోకి, అంటే ఏడు చిన్న చెంచాల జాగాలోకి నొక్కుతుంది. ఎంత గట్టిగా నొక్కుతుందో గేజ్ చెబుతుంది. ఇంజిన్ వేడిగా ఉండాలి, మూడు ప్లగ్గులూ తీసేయాలి, కాయిల్ కనెక్షన్ విప్పాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. ఆరోగ్యంగా ఉంటే 150 నుంచి 180 పీఎస్ఐ మధ్య వస్తుంది. టైర్లలో మనం కొట్టించేది 30 లోపే, దానికి ఐదారు రెట్లు. అసలు అంకె కన్నా మూడింటి మధ్య తేడా ముఖ్యం. పెద్దదానిలో 85 శాతానికి చిన్నది తగ్గకూడదన్నది సాధారణంగా పాటించే కొలత. 160, 155, 150 వస్తే ఇంజిన్ ముసలిదే గానీ జబ్బుది కాదు. 160, 155, 100 వస్తే మూడోదానిలో ఏదో కారుతోంది.

అప్పుడూ బోరింగే అనుకోకండి. ఆ సిలిండర్‌లో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెట్టించండి. అంకె బాగా పెరిగితే నూనె సందులు మూసిందన్నమాట, పిస్టన్ రింగులో సిలిండర్ గోడో అరిగింది. పెరగకపోతే తప్పు పైన ఉంది: వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. వాల్వులను తెరిచే ట్యాపెట్లు మరీ బిగుతై వాల్వ్ తెరుచుకుని ఉండిపోవడం వల్లా ఇలా జరుగుతుంది. ఎల్‌పీజీ మీద తిరిగిన ఓమ్నిల్లో ఇది మామూలే. ట్యాపెట్ సెట్టింగ్ గంటా రెండు గంటల పని. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ తెగి ఉంటుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గడం, ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటి నురగ కనిపించడం దానికి తోడు సాక్ష్యాలు.

‘ఎలాగూ నడుస్తోంది కదా, వచ్చే నెల చూద్దాం’ అంటారా? నెలకు 500 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 20 ఇచ్చే బండి 25 లీటర్లు తాగుతుంది. మిస్సింగ్‌తో మైలేజీ పావు వంతు పడి 15కు వస్తే 33 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయల లెక్కన నెలకు దాదాపు 900 అదనం. పైగా మండని పెట్రోలు సిలిండర్ గోడ మీది నూనెను కడిగేస్తూ కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌ను పలచబరుస్తుంది. ఎంపీఎఫ్ఐ బండిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని కరిగిస్తుంది. ఆ ఒక్క భాగం ధర ముందు ప్లగ్గుల ఖరీదు లెక్కలోకి రాదు.

ఇవన్నీ మీరే చేయాలని కాదు. సిలిండర్ నంబరు, ప్లగ్గు రంగు, వణుకు ఏ వేళలో వస్తుందో, ఈ మూడూ రాసుకుని వెళ్తే మంచి మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. అంచనా చెప్పే ముందు మూడు సిలిండర్ల కంప్రెషన్ అంకెలూ అదే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వనంటే బోరింగ్‌కు ఒప్పుకోకండి, మరో గ్యారేజీ చూసుకోండి.